భీమిలిలో పాత ఫ్లాటుకు కొత్త ముఖం: ఆ ధర దేనికి?

భోగాపురం విమానాశ్రయం మాట మొదలైన దగ్గర్నుంచి విశాఖకు ఉత్తరాన తీరం వెంబడి స్థలాల మీద అందరి కన్నూ పడింది. కొత్త ప్రాజెక్టుల సంగతి అలా ఉంచితే, భీమునిపట్నం (భీమిలి) లాంటి పాత ఊళ్ళో ఇంకో రకం అమ్మకం కూడా కనిపిస్తుంది. ఇరవై, పాతికేళ్ళ కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్‌ను ఎవరో కొంటారు. టైల్స్ మార్చి, ఫాల్స్ సీలింగ్ వేసి, మాడ్యులర్ కిచెన్ పెట్టి, ‘పూర్తిగా రెనొవేట్ చేసిన డబుల్ బెడ్‌రూమ్, బీచ్‌కు నడక దూరం’ అని మళ్ళీ అమ్మకానికి పెడతారు. చూడ్డానికి కొత్త ఇల్లు, కాగితాల మీద పాత ఇల్లు. ధర ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది.

కొనేవాళ్ళను తికమక పెట్టేది ఆ మధ్యలో ఉన్న ధరే. ఫ్లాట్ కొన్నప్పుడు మనకు నిజానికి నాలుగు వేర్వేరు వస్తువులు దక్కుతాయి: లోపలి హంగులు, బిల్డింగ్ అస్థిపంజరంలో వాటా, కింది నేలలో వాటా, ఆ బిల్డింగ్ అక్కడ నిలబడటానికి ఉన్న అనుమతి. రెనొవేషన్ మార్చేది మొదటిదాన్ని మాత్రమే. సముద్రం పక్కన మిగతా మూడింటి కథ వేరుగా ఉంటుంది.

లెక్క కోసం ఒక ఊహా ఫ్లాట్‌ను తీసుకుందాం. భీమిలిలో 2002లో కట్టిన అపార్ట్‌మెంట్. కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, మొత్తం 12 ఫ్లాట్లు, 600 గజాల స్థలం. అమ్మకానికున్నది రెండో అంతస్తులో 1,200 చదరపు అడుగుల ఫ్లాట్. అడుగుతున్న ధర 54 లక్షలు. అదే బిల్డింగ్‌లో బాగుచేయని ఫ్లాట్ 40 లక్షలకు దొరుకుతోంది. ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలే, అక్కడి మార్కెట్ రేట్లు కావు.

14 లక్షల తేడా ఎక్కడికి పోతుంది

ముందు అమ్మేవారి వైపు నుంచి చూద్దాం. ఆయన ఆ ఫ్లాట్‌ను 38 లక్షలకు కొన్నారనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. అంటే 2.85 లక్షలు. పనులకు 7 లక్షలు. వడ్డీ, బ్రోకరేజీ, ఫ్లాట్ ఖాళీగా ఉన్న నెలల మెయింటెనెన్స్ కలిపి మరో లక్షన్నర. మొత్తం 49.35 లక్షలు. 54కు అమ్మితే మిగిలేది 4.65 లక్షలు. కొన్న 24 నెలల లోపే అమ్మేశారు కాబట్టి అది స్వల్పకాలిక లాభం, ఆయన స్లాబు రేటు ప్రకారం పన్ను పడుతుంది. డబ్బు ఇరుక్కుపోయిన టెన్షన్, పగలగొడితే లోపల ఏం బయటపడుతుందోనన్న భయం అన్నీ ఆయనవే. ఈ లెక్క చూస్తే ఆయన దోచుకున్నట్టేమీ అనిపించదు.

ఇక కొనేవారి వైపు. 54 లక్షలకు రిజిస్ట్రేషన్ ఖర్చు 4.05 కలిపితే 58.05 లక్షలు. బాగుచేయని ఫ్లాట్‌ను 40కి కొని, 3 లక్షలు రిజిస్ట్రేషన్‌కు కట్టి, తన ఇష్టప్రకారం 8 లక్షలతో పనులు చేయించుకుంటే 51 లక్షలు. తేడా 7.05 లక్షలు. మేస్త్రీల చుట్టూ తిరగలేని ఉద్యోగికీ, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటూ అమ్మానాన్నల కోసం కొనేవారికీ ఆ ఏడు లక్షలు తగిన ఖరీదే కావచ్చు. ఊళ్ళోనే ఉండి, నమ్మకమైన మేస్త్రీ తెలిసినవారికి అది ఎక్కువ. ఇక్కడ తప్పొప్పులు లేవు. తేడా ఎంతో తెలిసి ఇవ్వడం వేరు, తెలియక ఇవ్వడం వేరు.

బ్యాంకు మాత్రం ఈ విషయాన్ని ఇంకోలా చూస్తుంది. గృహరుణం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే, ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ విలువలో కలవవు. ఆ విలువ తేల్చేది బ్యాంకు పంపిన వాల్యుయర్. ఆయన చూసేది బిల్డింగ్ వయసు, నేల వాటా, చుట్టుపక్కల రేట్లు. వార్డ్‌రోబ్‌లకూ ఫాల్స్ సీలింగ్‌కూ ఆయన లెక్కలో దక్కేది తక్కువ. 54 లక్షల ఫ్లాట్‌కు ఆయన 47 లక్షలు వేస్తే రుణం 43.2 లక్షలు కాదు, 37.6 లక్షలే. అప్పుడు సొంతంగా తేవాల్సింది 14.85 లక్షల నుంచి 20.45 లక్షలకు పెరుగుతుంది. అడ్వాన్స్ ఇచ్చాక ఈ సంగతి తెలిసిన కుటుంబాల ఇబ్బంది చిన్నది కాదు.

ఇలాంటి చోటే ‘సేల్ డీడ్ 46 లక్షలకు, ఇంటీరియర్ ఒప్పందం 8 లక్షలకు’ అనే ప్రతిపాదన వస్తుంటుంది. సామాన్లకు నిజంగానే విడిగా బిల్లులుంటే అది సరే. డీడ్ విలువ తగ్గించడానికే అయితే దాని ప్రభావం రేపు కొన్నవారి మీదే పడుతుంది. ఎప్పుడైనా అమ్మినప్పుడు కొన్న ధర 46 గానే లెక్కకొచ్చి, లాభం ఎక్కువగా కనిపించి, పన్ను పెరుగుతుంది. ఆ ఎనిమిది నగదుగా అడిగితే సమస్య ఇంకా పెద్దది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం 2015 జూన్ నుంచి నిషేధం. తీసుకున్నవారికి అంత మొత్తమే జరిమానా పడవచ్చు.

1,200 అడుగుల్లో ఇల్లు ఎంత

ప్రకటనలో రాసేది సూపర్ బిల్టప్ ఏరియా. మెట్లు, లిఫ్టు, వరండాల్లో వాటా కూడా ఇందులో కలిసి ఉంటుంది. కార్పెట్ ఏరియా అంటే ఇంట్లో నిజంగా వాడుకునే నేల. బయటి గోడలు, బాల్కనీలు అందులోకి రావు, లోపలి అడ్డుగోడలు వస్తాయి. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ఈ నిర్వచనాన్ని ఖాయం చేసింది. మన ఫ్లాట్‌లో కార్పెట్ ఏరియా 850 అడుగులనుకుంటే, 4,500 అనుకున్న అడుగు ధర దాదాపు 6,350 అవుతుంది.

అదే చట్టం బిల్డర్ నుంచి కొన్నవారికి మరో రక్షణ ఇచ్చింది. ఫ్లాట్ అప్పగించిన ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డర్ సొంత ఖర్చుతో సరిచేయాలి. 2002లో కట్టిన ఫ్లాట్‌ను బాగుచేసి అమ్మే వ్యక్తికి ఈ బాధ్యత ఉండదు. ఇల్లు కొత్తదిలా కనిపించినా, కొత్త ఇంటికుండే హామీ దానికి రాదు. మరోవైపు, పూర్తయిన పాత ఇల్లు కాబట్టి జీఎస్టీ లేదు. నిర్మాణంలో ఉన్న సాధారణ ఫ్లాట్‌కు అది 5 శాతం. కట్టడం ఆలస్యమవుతుందన్న బెంగా లేదు, ఇరుగుపొరుగు ఎవరో ముందే కనిపిస్తారు. పాత ఫ్లాట్ల పక్షాన మాట్లాడేవారి వాదనలో ఇది బలమైన భాగం.

ఫ్లాట్‌తో వచ్చే నేల

600 గజాల్లో 12 ఫ్లాట్లకు సమానంగా పంచితే ఒక్కొక్కరికి 50 గజాలు. దీన్నే అవిభాజ్య వాటా అంటారు, వాడుకలో యూడీఎస్. ఇందులో ఫలానా మూల నాది అని గీత గీసుకునే వీలుండదు. గజం 30 వేలు అనుకుంటే దాని విలువ 15 లక్షలు. 54లో మిగతా 39 లక్షలు ఏటా వయసు పెరిగే బిల్డింగ్‌కూ, దానికంటే త్వరగా పాతబడే హంగులకూ కడుతున్నట్టు. పదేళ్ళ తర్వాత విలువ పెరిగిందంటే అది చాలావరకు ఆ 50 గజాల చలవే.

డీడ్‌లో వాటా ఎప్పుడూ సమానంగానే ఉంటుందనుకోలేం. బిల్డర్ పైన అనుమతి లేని పెంట్‌హౌస్ వేసి దానికీ కొంత నేల రాసిచ్చి ఉండొచ్చు. టెర్రస్ మీద గానీ కొంత నేల మీద గానీ హక్కు తనకే అట్టిపెట్టుకుని ఉండొచ్చు. 50 అనుకున్నది 38 గజాలైతే, మన రేటు ప్రకారం 3.6 లక్షల విలువ ఎవరికీ కనిపించకుండా పోయినట్టే.

ఉప్పుగాలి, ఇనుము

అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకునేదీ, అన్నిటికంటే ఎక్కువ అర్థం చేసుకోవాల్సిందీ ఇదే.

కాంక్రీటు బరువును మోస్తుంది కానీ లాగితే తట్టుకోలేదు. ఆ పని లోపలి ఇనుప చువ్వలది. కొత్త కాంక్రీటు గట్టి క్షార గుణంతో ఉంటుంది, దాని పీహెచ్ 12కు పైమాటే. ఆ వాతావరణంలో చువ్వ మీద పలుచని రక్షణ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. ఉప్పులోని క్లోరైడ్ తేమతో పాటు ఏళ్ళ తరబడి కాంక్రీటులోకి ఇంకి, చువ్వను చేరాక ఆ పొరను ఛేదిస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఇంకోవైపు నుంచి క్షార గుణాన్ని తగ్గిస్తూ వస్తుంది. తుప్పు మొదలయ్యాక అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుంచే పగులుతుంది. శ్లాబు కింద పెచ్చులు ఊడటం, బీము పొడవునా చువ్వ దారిలోనే సన్నటి పగులు, గోధుమరంగు మరకలు దాని గుర్తులు. ఈ గుర్తులు బయటికొచ్చేసరికి లోపల పని చాలా ముందుకెళ్ళి ఉంటుంది.

ఉప్పు చువ్వను చేరడానికి ఎంతకాలం పడుతుందన్నది ప్రధానంగా రెండిటిని బట్టి ఉంటుంది: చువ్వకు పైన కాంక్రీటు ఎంత మందంగా ఉంది, ఆ కాంక్రీటు ఎంత చిక్కగా ఉంది. మేస్త్రీలు కవరింగ్ అనేది ఈ మందాన్నే. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు వాతావరణంలో 20 మిల్లీమీటర్ల కవరింగ్ సరిపోతుంది. తీరప్రాంతపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకు 45, సముద్రపు తుంపర పడేచోట 50 కావాలి. కాంక్రీటు కూడా ఎం30, ఎం35 స్థాయిలో ఉండాలి (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ గట్టితనం ఎక్కువ). ఇది 2000లో సవరించిన ప్రమాణం. అంతకుముందు 1978 నాటి ప్రమాణం ఎం15ను, అంటే చేత్తో కలిపే ఒకటి-రెండు-నాలుగు పాళ్ళ మిశ్రమాన్ని కూడా ఒప్పుకుంది. 2002లో ఒక చిన్న పట్నంలో కట్టిన బిల్డింగ్‌కు ఏ ప్రమాణం పాటించారన్నది కట్టినవారిని బట్టే. నీళ్ళ సంగతీ అంతే. కాంక్రీటు కలపడానికి వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పు బోరు నీళ్ళతో కలిపి ఉంటే శత్రువు మొదటిరోజే లోపలికి వచ్చినట్టు.

ఇప్పుడు ఫాల్స్ సీలింగ్‌కు తిరిగి వద్దాం. అది అందానికే వేసి ఉండొచ్చు, చాలాసార్లు అందుకే వేస్తారు. కానీ పెచ్చులూడిన శ్లాబు కనిపించకుండా చేసేదీ అదే. కొత్త పుట్టీ, టెక్స్చర్ పెయింట్, గోడకు అంటించిన ప్యానెళ్ళు కూడా అంతే. చెమ్మ, చవుడు ఒకటి రెండు వానాకాలాల పాటు కనిపించకుండా ఉంటాయి. అమ్మేవారికి దురుద్దేశం ఉండాల్సిన పనిలేదు. పనివాళ్ళు రాలిన చోట సిమెంటు పూసి సీలింగ్ బిగించేస్తే ఆయనకే తెలియకపోవచ్చు.

పైన సిమెంటు పూయడంలో ఇంకో చిక్కుంది. పాడైన చోట మాత్రమే కొత్త మిశ్రమం నింపితే, ఆ ముక్క చుట్టూ ఉన్న పాత, ఉప్పెక్కిన కాంక్రీటులో తుప్పు ఇంకా వేగంగా పాకవచ్చు. సరైన మరమ్మతంటే చువ్వ వెనక వరకు కాంక్రీటు తొలిచి, తుప్పు గీకి, అరిగిన చువ్వలకు తోడు కొత్తవి కట్టి, పాలిమర్ మోర్టార్‌తోనో మైక్రో కాంక్రీటుతోనో నింపడం. ఈ రెండు పనులకూ ఖర్చులో ఎంతో తేడా, రంగు వేశాక చూపుకు ఏ తేడా ఉండదు.

పరీక్షలున్నాయి. రీబౌండ్ హ్యామర్ కాంక్రీటు పైపొర గట్టితనాన్ని సూచిస్తుంది. అల్ట్రాసోనిక్ పరీక్ష లోపలి పగుళ్ళను, బోలుతనాన్ని పట్టిస్తుంది. ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లితే క్షారం మిగిలిన కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది. చువ్వ దగ్గరి విద్యుత్ స్థాయిని కొలిచే హాఫ్ సెల్ పరీక్షలో రీడింగ్ మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే దిగువకు పోతే, చువ్వ తుప్పు పడుతూ ఉండే అవకాశం 90 శాతానికి పైన అని లెక్క. ఇవేవీ విడిగా తీర్పు చెప్పవు, కలిపి చదవగలిగే స్ట్రక్చరల్ ఇంజినీరు కావాలి. సీలింగ్ వెనక చూడటానికి ఒక ప్యానెల్ విప్పనిస్తారా లేదా అన్నదే చాలా చెబుతుంది.

పాతికేళ్ళు దాటితే తీరంలో బిల్డింగ్ పనికిరాదన్న మాట తప్పు. మంచి కవరింగ్‌తో, చిక్కని కాంక్రీటుతో కట్టి, వాన నీరు నిలవకుండా చూసుకున్నవి అంతకంటే ఎంతోకాలం నిలుస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని ఊపేసినప్పుడు కిటికీలు, షీట్లు ఎగిరిపోయినా పిల్లర్లు చెక్కుచెదరని అపార్ట్‌మెంట్లు ఎన్నో. కానీ గాలికి నిలబడటం ఒక్కరోజు పరీక్ష, ఉప్పు రోజూ పనిచేస్తుంది.

పైపులు, వైరింగ్ గురించి క్లుప్తంగా: పాత జీఐ (ఇనుప) పైపులు తీసి సీపీవీసీ (ప్లాస్టిక్) వేశారా, వైరింగ్ మొత్తం మార్చారా లేక కొత్త స్విచ్ బోర్డులు మాత్రం పెట్టారా అన్నది బిల్లులు చూస్తే తెలిసిపోతుంది. బాల్కనీ రెయిలింగ్‌కు 304 రకం స్టీలు కంటే 316 రకం ఉప్పును బాగా తట్టుకుంటుంది.

బిల్డింగ్ ఎవరు బాగుచేయాలి

మన హాలు సీలింగ్ అంటే పైవాళ్ళ హాలుకు నేల. పిల్లర్ పార్కింగ్ నుంచి టెర్రస్ దాకా ఒక్కటే. ఒక ఫ్లాట్ యజమాని ఎంత చిత్తశుద్ధితో పనిచేయించినా ఇవి ఆయన ఒక్కడి చేతిలో లేవు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ఇలాంటి ఉమ్మడి భాగాలకు యజమానులందర్నీ బాధ్యులను చేసింది, వాటిని చూసుకోవాల్సింది అసోసియేషన్. అందుకే కొత్త కిచెన్ కంటే అసోసియేషన్ మినిట్స్ పుస్తకం ఎక్కువ సమాచారం ఇస్తుంది: టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ ఎప్పుడు చేశారు, పిల్లర్ల మరమ్మతుకు డబ్బు పోగుచేయాలని ఎన్నిసార్లు అనుకుని వాయిదా వేశారు, ఎవరెవరు బకాయి ఉన్నారు.

అమెరికాలోని ఫ్లోరిడాలో సర్ఫ్‌సైడ్ అనే చిన్న తీరపట్నంలో 1981లో కట్టిన 12 అంతస్తుల అపార్ట్‌మెంట్ 2021 జూన్ 24న కూలి 98 మంది చనిపోయారు. ఈత కొలను కింది శ్లాబులో పెద్ద నష్టం ఉందని 2018లోనే ఒక ఇంజినీరు నివేదిక ఇచ్చారు. ఖర్చు గురించి యజమానుల మధ్య ఏళ్ళ తరబడి వాదన నడిచి, కోటిన్నర డాలర్ల మరమ్మతుకు కూలిన ఏడాదే ఒప్పుకున్నారు. అక్కడ డిజైన్ లోపాల పాత్ర కూడా పెద్దదే కాబట్టి ఉప్పు ఒక్కదాన్నే నిందించలేం. ఆ తర్వాత ఫ్లోరిడా 2022లో చట్టం తెచ్చింది. మూడంతస్తులు, ఆపైన ఉన్న కాండోమినియం బిల్డింగులకు 30 ఏళ్ళకు, తీరం దగ్గరైతే 25 ఏళ్ళకే తనిఖీ తప్పనిసరి అని అప్పుడు అందులో పెట్టారు. మన ఊహా బిల్డింగ్ ఇప్పుడు సరిగ్గా ఆ వయసుకు వస్తోంది.

అలల హద్దు దగ్గర చట్టం

తీరంలో కట్టడాలను నియంత్రించే సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నోటిఫికేషన్ మొదట 1991లో వచ్చింది, 2011లో, 2019లో కొత్తగా రాశారు. పోటు నీరు చేరే హద్దు నుంచి లోపలికి 500 మీటర్ల దాకా, పోటు ప్రభావం ఉండే నదుల ఒడ్డున కొంత దూరం వరకు అది వర్తిస్తుంది. గోస్తని సముద్రంలో కలిసేది భీమిలి దగ్గరే కాబట్టి అక్కడ రెండు వైపుల నుంచీ ఈ లెక్క చూడాలి. అప్పటికే బాగా కట్టడాలున్న పట్టణ భాగం సీఆర్‌జెడ్-2. అక్కడ ఉన్న రోడ్డుకు గానీ, అనుమతి ఉన్న పాత భవనాల వరుసకు గానీ ఊరి వైపే కట్టుకోవచ్చు, సముద్రం వైపు కాదు. పల్లె భాగాల్లో నియమాలు ఇంకా కఠినం.

‘పాతికేళ్ళుగా ఉంది కదా, ఇక ఎవరేమంటారు’ అన్నది బ్రోకర్ల మాట. నిజమే, అనుమతితో కట్టిన పాత ఇళ్ళ జోలికి సాధారణంగా ఎవరూ రారు. కానీ స్థానిక అనుమతి ఒక్కటే సరిపోదని కొచ్చి దగ్గర మరడు చూపించింది. అక్కడ నాలుగు అపార్ట్‌మెంట్లకు పంచాయతీ అనుమతి ఇచ్చింది, సీఆర్‌జెడ్ ఉల్లంఘన అని 2019 మేలో సుప్రీంకోర్టు తేల్చింది, 2020 జనవరి 11, 12 తేదీల్లో అన్నిటినీ పేల్చివేశారు. కోర్టు ముందుగా ఇప్పించిన పరిహారం ఫ్లాట్‌కు 25 లక్షలు.

ఈసీ చెప్పనిది

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. అసలు పత్రాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు రిజిస్టర్ చేయకపోతే అందులో కనిపించకపోవచ్చు. దానికోసం సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది. మధ్యలో కొని అమ్మేవారు కొన్నిసార్లు రిజిస్ట్రేషన్ ఖర్చు మిగుల్చుకోవడానికి తమ పేరున డీడ్ చేయించుకోకుండా పాత యజమాని నుంచి జీపీఏ (ఆయన తరఫున వ్యవహరించే అధికార పత్రం) మాత్రమే తీసుకుంటారు. జీపీఏ వల్ల యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. కాబట్టి అలాంటి చోట చట్టం దృష్టిలో అమ్ముతున్నది ఆ పాత యజమానే. ఆయన చనిపోయి ఉంటే మామూలుగా జీపీఏ కూడా చెల్లదు.

పాత యజమాని విదేశాల్లో ఉంటే పన్ను కూడా మారుతుంది. అమ్మేవారు ఇక్కడే నివసించేవారైతే, 50 లక్షలు, ఆపైన ఉన్న అమ్మకంలో కొనేవారు 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి డబ్బులోంచి ముందే పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి. మన 54 లక్షలకు అది 54 వేలు. ఎన్ఆర్ఐ అయితే 50 లక్షల గీత లేదు, కోయాల్సింది ఎన్నో రెట్లు ఎక్కువ. కోయకపోతే ఆదాయపు పన్ను శాఖ అడిగేది కొన్నవారినే.

ఆయుష్షు తీరిన బిల్డింగ్

ఇంకో పాతికేళ్ళకు ఆ బిల్డింగ్‌ను పడగొట్టి మళ్ళీ కట్టాల్సి వచ్చిందనుకుందాం. ఇప్పుడున్నంతే కట్టనిస్తే, 12 ఫ్లాట్లకు 14,400 అడుగులు. ఇవాళ్టి లెక్కన అడుగుకు 2,000 వేసుకున్నా 2.88 కోట్లు, ఒక్కో యజమానికి 24 లక్షలు. అదనంగా నాలుగైదు ఫ్లాట్లు కట్టనిస్తే, వాటిని అమ్ముకుని ఖర్చు రాబట్టుకునే బిల్డర్ దొరకవచ్చు. ఎంత కట్టనిస్తారన్నది సీఆర్‌జెడ్ చేతిలో ఉంది. 2011 నోటిఫికేషన్ పట్టణ తీరాల్లో 1991 నాటి నిర్మాణ పరిమితులకే కట్టుబడమంది, 2019ది దాన్ని సడలించి ఆ ఏడాది అమల్లో ఉన్న స్థానిక నిబంధనలను ఒప్పుకుంది. సవరించిన తీరప్రాంత మ్యాపు అమల్లోకి వచ్చిన చోటే ఆ సడలింపు. మన 50 గజాలకు వేసుకున్న గజం 30 వేల రేటు నిలుస్తుందా లేదా అన్నది, ఆ స్థలం ఆ మ్యాపులో ఏ రంగు గీత లోపల పడిందన్న దాన్ని బట్టే ఉంటుంది.